సమాధి రాళ్ల మీది జీవలోకానికి పది రెట్ల మడత భూతద్దం

పాత చర్చి ఆవరణల్లోనూ, ఖననాలు ఆగిపోయిన సమాధుల తోటల్లోనూ బతికే లైకెన్లను (శిలీంధ్రం, శైవలం కలిసి ఒకే ప్రాణిలా బతికే జీవులను), నాచులను, కంటికి సరిగా ఆనని పురుగులను చూడటానికి వాడే పది రెట్ల మడత భూతద్దం గురించి ఈ సమీక్ష. నా దగ్గర ఉన్నది 21 మిల్లీమీటర్ల వ్యాసం గలది. మూడు గాజు కటకాలను ఒకదానికొకటి అతికించి చేసినది. లోహపు తొడుగులోకి మడుచుకుని జేబులో ఇమిడిపోయేది. దీనిని మార్కెట్లో దొరికే మరో రెండు రకాలతో, అంటే నలభై రెట్లని ముద్ర వేసి అమ్మే చవక అద్దంతోనూ, చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు అమర్చిన పది రెట్ల అద్దంతోనూ పక్కపక్కన పెట్టి, అవే రాళ్ల మీద పోల్చి చూశాను. ఈ పనికి ఒక్క పరికరమే కొనదలచినవారు మూడు కటకాల పది రెట్ల అద్దాన్నే కొనాలి, ఇంతకు మించిన రెట్ల జోలికి పోకూడదు అన్నది నా నిశ్చితాభిప్రాయం. అందుకు కారణం కొంత కాంతిశాస్త్రంలోను, చాలావరకు ఆ రాళ్ల స్వభావంలోను ఉంది.

పాత సమాధుల తోటలో నేల శతాబ్దాలుగా దున్నకుండా, ఎరువులు చల్లకుండా మిగిలి ఉంటుంది. చుట్టుపక్కల పొలాలు ఎన్నిసార్లు రూపు మారినా ఆ గోడ లోపలి గడ్డి మారదు. రాళ్ల సంగతి ఇంకా విశేషమైనది. ఇంగ్లండు తూర్పు, దక్షిణ ప్రాంతాల మైదానాల్లో సహజమైన బండలు పైకి తేలిన చోట్లు చాలా అరుదు. అక్కడ రాతి మీద మాత్రమే పెరగగల జీవులకు వందల ఏళ్లుగా దొరికిన ఆశ్రయం చర్చి గోడలు, సమాధి ఫలకాలు మాత్రమే. పైగా ఒకే ఆవరణలో సున్నపురాయి, ఇసుకరాయి, పలకరాయి, గ్రానైటు, పాలరాయి కొద్ది అడుగుల దూరంలో నిలబడి ఉంటాయి. ఒక్కో రాయికి ఎండ తగిలే ముఖం, నీడ ముఖం, పక్షులు వాలే శిరస్సు, వాన జారే అంచు వేరువేరుగా ఉంటాయి. బ్రిటన్‌లో నమోదైన సుమారు 2,000 లైకెన్ జాతుల్లో 700కు పైగా చర్చి ఆవరణల్లో కనిపించాయంటే, ఒక్కొక్క ఆవరణలోనే వందకు మించి జాతులు దొరికిన సందర్భాలు ఎన్నో ఉన్నాయంటే, ఈ వైవిధ్యమే కారణం. ఇంత సంపద కళ్ల ముందు ఉండి కూడా దారిన పోయేవారికి అది మాసిపోయిన రాతి మీది మరకగానే తోస్తుంది. ఆ మరకకు, జీవికి మధ్య ఉన్న తేడాను చూపించగలుగుతోందా లేదా అన్నదే ఈ అద్దానికి నేను పెట్టిన పరీక్ష.

ఇక అద్దం నిర్మాణం సంగతి. ఒకే గాజు ముక్కతో చేసిన మామూలు భూతద్దంలో మధ్య భాగం స్పష్టంగా ఉన్నా అంచుల దగ్గర గీతలు వంగిపోతాయి, ప్రతి వస్తువు చుట్టూ ఊదా, పసుపు రంగుల అంచు కనిపిస్తుంది. రెండు ఫ్లింట్ గాజు కటకాల మధ్య ఒక క్రౌన్ గాజు కటకాన్ని ఇమిడ్చి అతికించినప్పుడు ఒక గాజు తెచ్చే ఈ రెండు దోషాలనూ మరో రకం గాజు చాలావరకు కొట్టేస్తుంది. రంగును బట్టే జాతులను విడదీయవలసిన లైకెన్ల విషయంలో ఇది చిన్న సౌకర్యం కాదు. నిమ్మపండు పసుపు, గుడ్డు సొన పసుపు, నారింజ పసుపు అనే మూడు ఛాయల మధ్య తేడా తెలియవలసిన చోట అద్దమే సొంతంగా పసుపు పూస్తే చూసేవారు చేయగలిగింది ఏమీ లేదు. నేను వాడుతున్న అద్దంలో చూపు పరిధి అంచు వరకూ స్పష్టంగా ఉంటుంది. రాతి మీద చెక్కిన అక్షరపు గీత అంచు దగ్గర కూడా వంగకుండా కనిపించడమే దానికి రుజువు.

నలభై రెట్ల అద్దం గురించి కొంచెం నిక్కచ్చిగా చెప్పవలసి ఉంది. భూతద్దం ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో లెక్క కట్టడానికి 250 మిల్లీమీటర్లను దాని నాభ్యంతరంతో, అంటే కటకం నుంచి కిరణాలు ఒకచోట చేరే బిందువు వరకు ఉన్న దూరంతో, భాగిస్తారు. పది రెట్లకు నాభ్యంతరం 25 మిల్లీమీటర్లు. నలభై రెట్లకు అది 6.25 మిల్లీమీటర్లే కావాలి. ఇరవై ఐదు మిల్లీమీటర్ల వెడల్పుతో పెద్ద అద్దం బిగించి, దాని మీద నలభై రెట్లని ముద్రిస్తే ఆ రెండు మాటలకూ పొంతన కుదరదు. అంత వెడల్పున్న మామూలు గాజును పూర్తి గోళంగా మలిచినా పదమూడు రెట్లకు మించి చూపించలేదు. అంతకన్నా పలచని కటకం ఆ మాత్రం కూడా చూపించదు. అనుమానం ఉన్నవారు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక కన్నుతో అద్దం గుండా మిల్లీమీటర్ల స్కేలును, రెండో కన్నుతో ఇరవై ఐదు సెంటీమీటర్ల దూరంలో పెట్టిన మరో స్కేలును ఒకేసారి చూడాలి; లోపలి ఒక్క మిల్లీమీటరు బయటి ఎన్ని మిల్లీమీటర్లను కప్పుతోందో అదే అసలు రెట్ల సంఖ్య. నేను పోల్చి చూసిన చవక అద్దం ఈ పరీక్షలో పది రెట్లకు కూడా చేరలేదు.

నిజంగా ఇరవై రెట్లు చూపించే మంచి అద్దాలు లేకపోలేదు. కానీ సమాధుల తోటలో అవి ఇబ్బంది పెడతాయి. ఆకునో, రాలిన పువ్వునో అయితే చేతిలోకి తీసుకుని కంటి దగ్గరకు తెచ్చుకోవచ్చు. సమాధి రాయిని తెచ్చుకోలేము, మన తలనే రాయి దగ్గరకు తీసుకుపోవాలి. పది రెట్ల అద్దంతో రాయికి, అద్దానికి మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. ఇరవై రెట్లయితే అది సగానికి పడిపోతుంది. అప్పుడు నుదురు రాతిని తాకుతుంది, వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. చెక్కిన అక్షరాలతో, పొరలు ఊడిన ఇసుకరాయితో ఎగుడుదిగుడుగా ఉన్న తలం మీద స్పష్టంగా కనిపించే లోతు ఎంత తక్కువైతే అంత ఎక్కువగా తల ఊగించవలసి వస్తుంది. పది రెట్లు అన్నది ఈ పనికి సరిపెట్టుకోవలసిన రాజీ కాదని, సరైన కొలతేనని రాతి ముందు కూర్చున్నవారికి తెలుస్తుంది.

వాడే పద్ధతి తెలియక చాలామంది మంచి అద్దాన్ని కూడా తప్పుపడతారు. అద్దాన్ని రాయికి దగ్గరగా పెట్టి మనం దూరంగా ఉండి చూడకూడదు. కంటికి ఆనించినంత దగ్గరగా, కళ్లజోడు ఉంటే దాని గాజుకు దాదాపు తగిలేలా పట్టుకుని, ఆ చేతిని చెంపకు ఆనించి, తల మొత్తాన్ని మెల్లగా ముందుకు తీసుకుపోవాలి. రెండో చేతి వేలు నేలకో, రాయి అంచుకో ఆనిస్తే వణుకు ఆగుతుంది. పాత సమాధి ఫలకాలు వదులై ఉంటాయి కనుక వాటి మీద బరువు మోపకూడదు; ఒరిగి ఉన్న రాయికి దిగువ వైపున కూర్చోనే కూడదు.

అలా చూసినప్పుడు కనిపించేది మొదటిసారి ఎవరినైనా కదలనివ్వదు. ఇప్పుడు వారియోస్పోరా ఫ్లావెసెన్స్ అని, ఇదివరకు కలోప్లాకా ఫ్లావెసెన్స్ అని పిలిచిన లైకెన్ సున్నపురాయి మీద నారింజ పసుపు వలయాలుగా పెరుగుతుంది. మామూలు కంటికి అది ఎవరో రంగు ఒలకబోసిన గుండ్రని గుర్తు. అద్దంలో దాని వెలుపలి అంచు విడివిడి తమ్మెలుగా చీలి, ఒక్కో తమ్మె ఉబ్బెత్తుగా, రాతికి అతుక్కుని ముందుకు పాకుతున్నట్టు కనిపిస్తుంది. లోపలికి వచ్చేకొద్దీ ముదురు నారింజ రంగు బిళ్ళలు, ప్రతి బిళ్ళకూ కొంచెం లేత రంగు గట్టు. శిలీంధ్రం తన సిద్ధబీజాలను వదిలేది ఆ బిళ్ళల నుంచే. ఇంకా లోపల, వలయం నడుమ, పాత భాగం చచ్చి ఊడిపోయి నగ్నంగా మిగిలిన రాయి. అక్కడ అప్పుడే వేరే జాతి చిన్న నల్ల చుక్కలుగా స్థలం ఆక్రమిస్తూ ఉంటుంది. కొద్ది నీళ్లు చిలకరించి మళ్లీ చూస్తే అనేక లైకెన్ల పై పొర పారదర్శకమై, శిలీంధ్రం లోపల దాచుకున్న శైవలం ఆకుపచ్చగా పైకి తేలుతుంది. ఈ మార్పు జరుగుతుండగానే చూడవచ్చు. దీనికి మంచినీళ్లు తప్ప మరేమీ అక్కరలేదు.

నీడలో ఉండే ఇసుకరాయి మీద, వాన నేరుగా తగలని అక్షరాల గాడుల్లో సైలోలెకియా లూసిడా అనే లైకెన్ గంధకం రంగు పొడిగా పేరుకుని ఉంటుంది. ఊదితే ఎగిరిపోయే ధూళిలా కనిపించే దానిని అద్దంలో చూస్తే నిండా సన్నని రేణువులు. అదే రాయి శిరస్సున, పక్షుల రెట్ట వల్ల నత్రజని అందే చోట, పూర్తిగా వేరే జాతులు ఉంటాయి. చర్చి గోడ మీద పిడుగు నుంచి రక్షించే రాగి పట్టీ కింద ఒక పొడవాటి చార శుభ్రంగా కనిపిస్తే, వాన నీటితో దిగిన రాగి అక్కడ లైకెన్లను నిలవనివ్వలేదని అర్థం. ఈ తేడాలన్నీ ఒకే ఆవరణలో తిరిగి చూసి తెలుసుకోవచ్చు.

నాచుల విషయంలో ఈ అద్దం మరింత ఆనందాన్నిచ్చింది. గ్రిమ్మియా పుల్వినేటా సున్నపురాయి ఫలకాల మీద బూడిద రంగు గుండ్రని మెత్తలుగా పెరుగుతుంది. ఆ బూడిద రంగు ఆకులది కాదు; ఆకు కొసన ఉన్న పొడవాటి తెల్ల రోమాలది. దాని సిద్ధబీజకోశాలు లేతగా ఉన్నప్పుడు కాడ వంగి, తల ఆకుల మధ్యకు దించుకుని ఉంటాయి. పక్కనే ఉండే టార్టులా మ్యూరాలిస్ కోశాలు నిటారుగా నిలబడతాయి; మూత ఊడిన కోశం అంచున దంతాలు సర్పిలంగా మెలితిరిగి ఉండటం పది రెట్లలో స్పష్టంగా తెలుస్తుంది. ఈ మెలికను చవక అద్దంలో ఎంత ప్రయత్నించినా విడదీయలేకపోయాను.

పురుగుల దగ్గర ఫలితం మిశ్రమంగా ఉంది. వెచ్చని రోజుల్లో లేత రాళ్ల మీద పరుగులు తీసే ఎర్రటి చిన్న నల్లులు, తొలకరిలో కనిపించే ఆరుద్ర పురుగుకు దూరపు బంధువులు, ఒక్క క్షణం కూడా నిలవవు. అద్దం సరిచేసుకునేలోగా చూపు పరిధి దాటిపోతాయి. ఎండ ముఖం మీద వేటాడే చారల గెంతుడు సాలీడు రెండున్నర సెంటీమీటర్ల దూరానికి మనిషి తలను రానివ్వదు. కదలని వాటికి మాత్రం అద్దం చక్కగా న్యాయం చేస్తుంది. లఫియా లాపిడెల్లా అనే చిన్న చిమ్మట గొంగళి పట్టుతో నేసి, లైకెన్ తునకలు అతికించిన కొన్ని మిల్లీమీటర్ల శంకువులో ఉంటూ, దానిని వీపున మోసుకుంటూ రాతి మీది లైకెన్‌నే మేస్తుంది. రాయి మీద చిన్న బొడిపెలా కనిపించేదాన్ని కాసేపు ఓపికగా గమనిస్తే అది కదులుతుంది. లైకెన్లనే తిని పెరిగే మరో చిమ్మట, బ్రయోఫిలా డొమెస్టికా గొంగళి, పగలంతా రాతి పగుళ్లలో పట్టు గూడు కప్పుకుని దాక్కుంటుంది. లైకెన్ తొడుగు కప్పుకున్న ఆ గూటిని గుర్తుపట్టడానికి ఈ అద్దం ఉండి తీరాలి. లైకెన్లను కడిగివేస్తే వీటి తిండి, ఇల్లు రెండూ పోతాయని చూసినవారికి ఎవరూ వివరించనక్కరలేదు.

సమాధి రాళ్లకు ప్రకృతిలోని ఏ బండకూ లేని ఒక గుణం ఉంది: వాటి మీద తేదీ చెక్కి ఉంటుంది. ఆస్ట్రియాకు చెందిన రోలండ్ బెషెల్ 1950ల్లో లైకెన్ల పరిమాణాన్ని బట్టి రాతి వయసు లెక్కగట్టే పద్ధతికి పునాది వేశారు. ఆ లెక్కలో లైకెన్ పెరిగే వేగాన్ని తేల్చుకోవడానికి తేదీలున్న సమాధి రాళ్లు అక్కరకు వచ్చాయి. రాతికి పొరలా అంటుకునే లైకెన్లు చాలావరకు ఏడాదికి మిల్లీమీటరు కన్నా తక్కువే పెరుగుతాయి. కాబట్టి అరచేయంత వెడల్పున్న వలయం ముందు నిలబడ్డామంటే ఎన్నో దశాబ్దాల వయసున్న ప్రాణి ముందు నిలబడ్డామన్నమాట. ఇటువంటి కొలతల కోసం అద్దం లోపలే మిల్లీమీటర్ల గీతలు ఉన్న రకం దొరుకుతుంది. నా అద్దంలో అది లేకపోవడం నిజమైన లోటు. ప్రస్తుతం పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును రాతికి తాకించకుండా పట్టుకుని పని నడిపిస్తున్నాను గాని, రెండు చేతులకూ పని పడటం వల్ల అద్దం వణుకుతుంది.

వెలుతురు విషయంలో ఎల్‌ఈడీ అద్దాన్ని మెచ్చుకోవాలనే అనుకున్నాను. యూ అనే సతతహరిత చెట్ల కింద, ఉత్తరపు గోడ నీడలో అది చీకటిని పోగొట్టిన మాట నిజమే. అయితే కటకం చుట్టూ అమర్చిన దీపాల కాంతి అన్ని వైపుల నుంచీ సమానంగా పడటం వల్ల ఎత్తుపల్లాలు చదునైపోతాయి. బిళ్ళల గట్లు, తమ్మెల ఉబ్బు మాయమై అంతా రంగు ముద్దగా మిగులుతుంది. దీపాలు లేని అద్దం వాడుతూ, చిన్న టార్చిని రాయికి పక్కగా, తలానికి దాదాపు సమాంతరంగా పట్టుకుంటే ప్రతి గుంటా, ప్రతి గట్టూ నీడతో పైకి వస్తాయి. అరిగిపోయిన సమాధి అక్షరాలు చదవడానికి కూడా ఇదే ఉపాయం. బటన్ బ్యాటరీలు, స్విచ్చి ఉన్న అద్దం తడి గడ్డిలో పడితే ఎన్నాళ్లు పనిచేస్తుందన్న భయం వేరే.

యూ చెట్టు ప్రస్తావన వచ్చింది కనుక రాళ్లు దాటి కొంచెం చెప్పాలి. బ్రిటన్ చర్చి ఆవరణల్లో చర్చి కన్నా పాతవైన యూ చెట్లు ఉన్నాయి; స్కాట్లండులోని ఫోర్టింగల్ యూ వయసు వేల ఏళ్లలో అంచనా వేస్తారు. ఈ జాతిలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరువేరుగా ఉంటాయి. శీతాకాలం ముగిసే రోజుల్లో ఆడ కొమ్మ మీది చిన్న మొగ్గ కొసన పుప్పొడిని పట్టుకోవడానికి ఒక సన్నని ద్రవ బిందువు ఊరుతుంది; దానిని పది రెట్లలో చూడటం ఈ అద్దం నాకిచ్చిన గొప్ప కానుక. ఫోర్టింగల్ చెట్టును మగదిగానే ఎరుగుదురు. 2015లో దాని ఒకే ఒక్క కొమ్మన ఎర్రటి కాయలు కనిపించాయి. కొమ్మ చివర ఆకులన్నీ ఒకచోట దట్టంగా ముడుచుకున్నాయంటే టాక్సోమియా టాక్సి అనే చిన్న ఈగ లార్వా లోపల ఉందని గుర్తు; ఆ ఈగ జీవితచక్రం సాధారణంగా రెండేళ్లు పడుతుంది. యూ చెట్టు దాదాపు అన్ని భాగాలూ విషమే కనుక చూసిన తరువాత చేతులు కడుక్కోవాలి.

ఈ అద్దం దేనికి పనికిరాదో కూడా చెప్పాలి. లండన్ హైగేట్ సమాధుల తోటలో 2013లో గబ్బిలాల కోసం వెతుకుతూ భూగర్భ సమాధి గదుల్లో కనుగొన్న అరుదైన గుహ సాలీళ్లు చిమ్మచీకట్లో ఉంటాయి, వాటికి మన అద్దాలు, దీపాలు తగలకపోవడమే మేలు. వియన్నా సమాధుల తోటల్లో దీపాల మైనం ఎత్తుకుపోయి తినే యూరోపియన్ హామ్‌స్టర్లను చూడటానికి దూరం, మౌనం కావాలి. ఆ జంతువు 2020 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో తీవ్ర విలుప్త ప్రమాదంలో ఉంది. టర్కీలో సలేప్ (ఆర్కిడ్ దుంపల పిండి) కోసం దుంపలు తవ్వుకుపోవడం వల్ల తరిగిపోయిన ఆర్కిడ్లు శ్మశానవాటికల్లో నిలిచి ఉన్నాయి. ఇథియోపియాలో అడవి కొట్టివేతకు గురైన పీఠభూమి మీద చర్చిల చుట్టూ మాత్రమే పచ్చని వలయాలు మిగిలాయి. ఆ స్థాయి సంపదను భూతద్దంతో కొలవలేము. పాత గడ్డిలో మొలిచే వాక్స్‌క్యాప్ పుట్టగొడుగులకు కూడా మామూలు కళ్లే చాలు. వాటికి కావలసిందల్లా గడ్డి కోసినప్పుడు ఆ కోతను అక్కడే కుళ్లనివ్వకుండా ఎత్తివేసే మనుషులు.

కొనేవారికి నా గట్టి మనవి ఒకటుంది. అద్దంతోపాటు చాకు, రసాయనాల సీసాలు కూడా కిట్టుగా అమ్మేవారు ఉన్నారు. లైకెన్లను గుర్తించడానికి బ్లీచు, పొటాష్ చుక్కలు వేసి రంగు మార్పు చూడటం శాస్త్రజ్ఞుల పద్ధతే అయినా సమాధి రాతి మీద ఆ పని ఎంతమాత్రం చేయకూడదు, గీకనూ కూడదు. అది ఒకరి జ్ఞాపకం, మరొక ప్రాణి ఇల్లు. ప్రెషర్ వాషర్‌తో, బ్లీచుతో ఫలకాలు ‘శుభ్రం’ చేయించే కుటుంబాలకు ఒక్కసారి ఈ అద్దం చేతికిచ్చి చూపించండి. వాదన కన్నా అది బాగా పనిచేయడం నేను చూశాను. ఆ కడుగుడులో రాతి పై పొర కూడా ఊడిపోతుందని తెలిసినప్పుడు చాలామంది మెత్తబడతారు. కనిపించినవాటిని నమోదు చేయదలచినవారికి బ్రిటన్‌లో కేరింగ్ ఫర్ గాడ్స్ ఏకర్ అనే స్వచ్ఛంద సంస్థ చాలాకాలంగా దారి చూపుతోంది. ఎక్కడైనా సరే, నిర్వాహకుల అనుమతి తీసుకోవాలి, ఖననం జరుగుతున్నా, ఎవరైనా సమాధి దగ్గర నిలబడి ఉన్నా అద్దం మడిచి అక్కడి నుంచి తప్పుకోవాలి.

సంరక్షణ తేలికే. రాతి పొడి కటకం మీద పడినప్పుడు గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి; ముందు గాలి ఊది, ఆ తరువాత తడి మెత్తటి బట్టతో అద్దాలి. కటకాలను అతికించిన జిగురు దెబ్బతినకుండా స్పిరిట్లో ముంచకూడదు. మడత దగ్గరి మర వాడేకొద్దీ వదులవుతుంది, చిన్న స్క్రూడ్రైవరుతో బిగించుకోవచ్చు. ఈ వీలు లేకుండా రివెట్ కొట్టిన రకాన్ని కొనకండి. మెడలో వేసుకునే తాడు అద్దంతో రాదు, విడిగా కట్టుకోవాలి. తయారీదారులు ఒక్కటి మార్చితే బాగుంటుంది: నల్ల పూత పూసిన ఈ తొడుగు పొడవాటి గడ్డిలో పడితే ఎంత వెతికినా కనిపించదు కనుక, దీనికి మెరిసే ఎర్ర రంగో, నారింజ రంగో వేయాలి. అంతవరకు రంగు తాడే దిక్కు.